వెనక టైరు ఒక్కటే మారిస్తే సరిపోతుందా?

ప్రశ్న: సార్, మాది నరసన్నపేట. 2021 సంక్రాంతికి మీటియర్ 350 బైకు కొన్నాను. ఇప్పటికి 34 వేల కిలోమీటర్లు తిరిగింది. వెనక టైరు 17 వేల దగ్గర ఒకసారి మార్చాను. ఇప్పుడు అదీ నడిమధ్య అరిగి బల్లపరుపుగా అయిపోయింది. ముందు టైరు బండితో వచ్చిందే, బటన్లు ఇంకా బాగానే కనిపిస్తున్నాయి. వారానికి రెండు మూడు రోజులు హైవే మీద శ్రీకాకుళం వెళ్లి వస్తుంటాను. డిసెంబరులో నేనూ మా ఆవిడా సాలూరు మీదుగా దేవమాలి కొండ చూసి, అరకు, ఎస్.కోట మీదుగా తిరిగి రావాలనుకుంటున్నాం. మా బావమరిది వెనకది ఒక్కటే మార్చమంటాడు. షాపతను 140 బదులు 150 వేస్తే గ్రిప్పు, లుక్కు రెండూ వస్తాయంటున్నాడు. మా ఫ్రెండేమో ఘాట్ రోడ్డు కాబట్టి బటన్ టైర్లే వేయమంటున్నాడు. ఆన్‌లైన్‌లో కాస్త తక్కువకు దొరుకుతున్నాయి. ఏ కంపెనీ వేయమంటారు? ముందు టైరు మీద ఒక చోట 4620 అని ఉంది, అదేమిటో కూడా చెప్పండి. ఇన్ని మాటలు విని టెన్షన్ పట్టుకుంది.
(పేరు వద్దు, నరసన్నపేట)

జవాబు:

మాస్టారూ, పేరు వద్దన్నారు కాబట్టి మన వైపు అలవాటు ప్రకారం ఇలాగే పిలుస్తున్నాను. అన్నీ అడిగేసి, ఆఖర్న చిన్న సందేహంలా రాసిన ఆ 4620 లోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది. అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

టైరు పక్కభాగం మీద కోడిగుడ్డు ఆకారంలో ఉన్న గడిలో కనిపించే ఆ నాలుగంకెలు టైరు తయారైన తేదీ. మొదటి రెండంకెలు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 4620 అంటే 2020లో 46వ వారం, అంటే నవంబరు నెల మధ్య. 2025 నవంబరుకు మీ ముందు టైరుకు ఐదేళ్లు నిండుతాయి. మీరు డిసెంబరులో ఘాట్ ఎక్కేసరికి అది ఆరో ఏట ఉంటుంది.

బటన్లు బాగానే ఉన్నాయంటున్నారు. ఉండే ఉంటాయి. కానీ టైరు అరిగిపోవడం వేరు, ముసలిదైపోవడం వేరు. ఎండ, వేడి, గాలిలోని ఓజోను ఏళ్ల తరబడి రబ్బరును గట్టిపరుస్తాయి. గట్టిపడిన రబ్బరు త్వరగా అరగదు కాబట్టి చూడటానికి ఇంకా కొత్తగానే ఉంటుంది. పొడి రోడ్డు మీద తేడా కూడా అంతగా తెలియదు. చినుకు పడ్డప్పుడు తెలుస్తుంది. రేపు పొద్దున ఒక పని చేయండి. నీడలో బండి పెట్టి, ముందు టైరు బటన్ మీద బొటనవేలి గోరుతో గట్టిగా నొక్కండి. మంచి రబ్బరైతే గోరు కాస్త దిగి, తీయగానే ఆ గుంట సర్దుకుంటుంది. ప్లాస్టిక్ మీద నొక్కినట్టు ఉంటే అది ముసలిదైనట్టే. తర్వాత టార్చి వేసి గాడుల అడుగున, రిమ్ముకు దగ్గరలో వెంట్రుకంత సన్నటి పగుళ్లేమైనా ఉన్నాయేమో చూడండి. టైరు మీద అరచేతిని ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ రాయండి. ఒక వైపు నున్నగా, రెండో వైపు రంపం పళ్లలా తగిలితే బటన్లు ఏటవాలుగా అరిగాయన్నమాట. గాలి తక్కువతో ఎక్కువ రోజులు తిప్పితే ముందు టైర్లు ఇలాగే అరుగుతాయి. హైవే మీద ముందు చక్రం నుంచి గుయ్‌మనే మోత వస్తుంటే అదే కారణం కావచ్చు.

ఐదేళ్లు దాటిన టైరును ఏటా పరీక్ష చేయించమని, పదేళ్లు దాటితే ఎలా ఉన్నా తీసేయమని చాలా కంపెనీలు చెబుతాయి. అది అన్ని దేశాలకూ కలిపి చెప్పే మాట. మన దగ్గర ఆఫీసు ముందు రోజంతా ఎండలో నిలబడే బండికి ఆ లెక్క నేను ఒప్పుకోను. ఐదారేళ్లు దాటాక ముందు టైరును నేను నమ్మను. ఎందుకు నమ్మనో చెబుతాను.

తొమ్మిదేళ్ల కిందట నేనూ మీ బావమరిది చెప్పినట్టే చేశాను. వెనక టైరు మార్చి, ముందుది బాగానే ఉంది కదా అని వదిలేశాను. దానికి ఆరేళ్లు. మా ఆవిడను ఎక్కించుకుని అరకు నుంచి దిగుతున్నాం. అనంతగిరి దాటాక తుంపర మొదలైంది. వేగం 30కి మించి లేదు. ఒక మలుపులో ముందు బ్రేకు మెల్లగా పట్టాను, అంతే. హ్యాండిల్ చేతిలోంచి ఎవరో లాగేసినట్టు పోయింది. నాకు మోచెయ్యి గీరుకుపోయింది. ఆవిడకు కుడి మణికట్టు విరిగింది. రెండు నెలల పైన తల దువ్వుకోవడానికీ, చీర కట్టుకోవడానికీ మా అమ్మాయి సాయం పట్టింది. రోడ్డు మీద నూనె లేదు, ఇసుక లేదు. తర్వాత మెకానిక్ ఆ టైరు విప్పి గోరుతో నొక్కి చూపించాడు. రాయిలా ఉంది. ఆ రోజు నేను మిగుల్చుకున్నానని సంబరపడ్డది ఒక ముందు టైరు ఖరీదు. అందుకే మీ ఉత్తరంలో 'మా ఆవిడ' అన్న మాట చదవగానే ఇంత పొడుగ్గా రాయాలనిపించింది.

మామూలుగా ఆలోచిస్తే బండిని తోసేది వెనక చక్రం కాబట్టి అదే ముఖ్యం అనిపిస్తుంది. కానీ బ్రేకు పట్టినప్పుడు బరువంతా ముందుకు తూలుతుంది. గట్టిగా ఆపేటప్పుడు ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు చక్రానిదే. దారి తిప్పేదీ అదే. వెనక చక్రం జారితే బండి కాస్త తోక ఆడించి, చాలాసార్లు మళ్లీ దారికొస్తుంది, సర్దుకోవడానికి క్షణమైనా దొరుకుతుంది. ముందు చక్రం జారితే ఆ క్షణం కూడా దొరకదు. మీ బండికి రెండు చక్రాలకూ ఏబీఎస్ ఉంది, మంచిదే. అది చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది. టైరులో లేని పట్టును అది తెచ్చిపెట్టలేదు. అదీగాక మలుపులో బండి వాలి ఉన్నప్పుడు మామూలు ఏబీఎస్ చేయగలిగింది తక్కువ.

కాబట్టి రెండూ మార్చండి. డబ్బు ఇబ్బందై ఒక్కటే కొనగలిగితే ఏం చేయాలని అడుగుతారేమో. అప్పుడు ప్రయాణాన్ని ఫిబ్రవరికి జరపండి, ఈలోగా రెండోది కొనండి. దేవమాలి ఎక్కడికీ పోదు.

ఇక వెనక టైరు. నడిమధ్య బల్లపరుపుగా అరగడానికి కారణం మీరే రాశారు. నరసన్నపేట నుంచి శ్రీకాకుళానికి హైవే మీద నిటారుగా 20 కిలోమీటర్ల పైన వెళ్లడం, అలాగే రావడం. టైరు నడుమ భాగమే రోడ్డుకు తగులుతుంది, అదే అరుగుతుంది, అంచులు కొత్తగా మిగిలిపోతాయి. ఇలాంటి టైరుతో ఘాట్ ఎక్కితే బండి మొదట వాలనని మొరాయిస్తుంది. కాస్త బలంగా వాల్చగానే ఆ అరుగుదల అంచు దాటి ఒక్కసారిగా ఒరిగిపోతుంది. హైవే మీద ఈ లోపం ఎప్పటికీ బయటపడదు. సాలూరు దాటి పి.కోనవలస ఘాట్‌లో రెండో మలుపుకే బయటపడుతుంది. అరుగుదల హద్దు చూడాలంటే టైరు పక్కన చిన్న త్రికోణం గానీ, టీడబ్ల్యూఐ అన్న అక్షరాలు గానీ వెతకండి. దానికి ఎదురుగా గాడిలో చిన్న దిమ్మలాంటిది కనిపిస్తుంది. బటన్ ఆ దిమ్మతో సమానమైతే టైరు పనైపోయింది. వానల్లో తిరిగేవాళ్లు అంతవరకూ ఆగకూడదు. గాడి రెండు మిల్లీమీటర్లకు దిగిందంటే నేను మార్చేస్తాను. నీళ్లు బయటకు పోయే దారి ఆ గాడే.

షాపతను చెప్పిన 150 సంగతి చూద్దాం. వద్దు. మొహమాటం లేకుండా చెబుతున్నాను, వద్దు. మీ బండికి ముందు 100/90-19, వెనక 140/70-17 అని కంపెనీ లెక్క కట్టి ఇచ్చింది. 140 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 70 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 70 వంతులని. 17 రిమ్ము కొలత అంగుళాల్లో. 140లో 70 శాతం 98 మిల్లీమీటర్లు. 150/70 వేస్తే ఆ ఎత్తు 105 అవుతుంది, చక్రం మొత్తం మీద 14 మిల్లీమీటర్లు పెద్దదవుతుంది. చైనుకూ టైరుకూ మధ్య, మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య ఉన్న చోటు తగ్గిపోతుంది. అది కాదని 150/60 వేస్తే చక్రం 16 మిల్లీమీటర్లు చిన్నదై, బండి వెనక భాగం 8 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. ఇద్దరు కూర్చుని గోతిలో పడ్డప్పుడు ఆ తేడా తెలుస్తుంది.

అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది ఇంకోటుంది. రిమ్ము వెడల్పు మారదు కదా. 140 కోసం చేసిన రిమ్ములో 150 ఇరికిస్తే టైరు అంచులు లోపలికి నొక్కుకుని పైభాగం గూని తేలుతుంది. వెడల్పు టైరు కొన్నా రోడ్డుకు తగిలే భాగం పెరగకపోవచ్చు, ఒక్కోసారి తగ్గుతుంది కూడా. పైగా బండి బరువెక్కినట్టు తిరుగుతుంది, పెట్రోలు కాస్త ఎక్కువ తాగుతుంది. లుక్కు మాత్రం వస్తుంది, అది నిజమే. అంచెలంచెలుగా వంకర్లు తిరిగే రోడ్డు మీద భార్యను వెనక ఎక్కించుకుని వెళ్లేవాడికి లుక్కుతో పనేముంది?

సైజు పక్కనే ఇంకో రెండంకెలు, ఒక అక్షరం ఉంటాయి. జనం వీటిని చూడరు. మీ సైజులో ముందు 57పి, వెనక 66పి. ఆ అంకె టైరు మోయగలిగే బరువుకు గుర్తు. 57 అంటే 230 కిలోలు, 66 అంటే 300 కిలోలు. పి అంటే గంటకు 150 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుందని. మీ బండి 191 కిలోలు, మీరిద్దరూ ఒక 140, సామాన్లు ఓ 20. మొత్తం 350 దాటింది, అందులో సగానికి మించి వెనక చక్రం మీదే పడుతుంది. అందుకే ఈ అంకె బండితో వచ్చినదానికన్నా ఎక్కువుంటే ఫరవాలేదు గానీ, తక్కువది ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోవద్దు. రెండు టైర్లూ ఒకే రకం నిర్మాణం ఉండాలి. సైజులో 17 ముందు గీత ఉంటే మామూలు బయాస్ టైరు, ఆర్ అని ఉంటే రేడియల్. ముందొకటి వెనకొకటి కలపొద్దు. మీ బండికి బయాస్ సరిపోతుంది.

మీ ఫ్రెండు చెప్పిన బటన్ టైర్ల మాటకొస్తే, ఆయన ఉద్దేశం మంచిదే కానీ ఘాట్ రోడ్డంటే మట్టి రోడ్డనుకున్నారు. సాలూరు నుంచి సుంకి, పొట్టంగి మీదుగా కోరాపుట్ వెళ్లేది 26వ నంబరు జాతీయ రహదారి. సెమిలిగుడ, నందపూర్ నుంచి అరకు వచ్చేదీ, అనంతగిరి నుంచి ఎస్.కోట దిగేదీ తారు రోడ్లే. పెద్ద పెద్ద దిమ్మల టైరు మట్టిలో, బురదలో, రాళ్లలో గోళ్లలా గుచ్చుకుని పట్టు ఇస్తుంది. తారు మీద, అందులోనూ తడి తారు మీద, దిమ్మల మధ్య ఖాళీ ఎక్కువైన కొద్దీ రోడ్డుకు తగిలే రబ్బరు తగ్గుతుంది. వాల్చినప్పుడు ఆ దిమ్మలు అటూ ఇటూ ఒరుగుతాయి. బ్రేకు దూరం పెరుగుతుంది, మోత పెరుగుతుంది, త్వరగా అరుగుతుంది. మీరు ఏడాదికి తిరిగే కిలోమీటర్లలో మట్టి దారి ఎంతో ఒకసారి లెక్క వేసుకోండి. మా ఊరి దగ్గర తాటిపూడి గట్టు మీదికో, మీ దగ్గర తేలినీలాపురం పక్షుల్ని చూడటానికో వెళ్లినప్పుడు వచ్చే కాస్త మట్టికి రోడ్డు టైరు చాలు, నెమ్మదిగా పోతే సరి.

మరీ సందేహంగా ఉంటే రోడ్డుకే మొగ్గు చూపే డ్యూయల్ పర్పస్ టైర్లు ఉంటాయి. నడుమ దాదాపు అతుక్కుని, అంచుల్లో కాస్త విడివిడిగా దిమ్మలుంటాయి. చిలకపాలెం, రాజాం, రామభద్రపురం దారిలో వానాకాలం తర్వాత పడే గోతుల్లో అవి కొంచెం ధైర్యాన్నిస్తాయి. మీ సైజులో రెండు చక్రాలకూ జోడీగా దొరికితేనే ఆలోచించండి. నా ఓటు మాత్రం మంచి రోడ్డు టూరింగ్ టైరుకే.

మన రోడ్ల మీద ఏ టైరూ కాపాడలేని చోట్లు కూడా ఉన్నాయి, అవి తెలిసుండాలి. మీరు బయల్దేరే డిసెంబరు వరి కోతల కాలం. ఊళ్ల మధ్య రోడ్డే కళ్లమవుతుంది. తారు మీద పరిచిన గడ్డి ఎండుగా ఉంటే జారుతుంది, మంచుకు తడిస్తే మరీ జారుతుంది. చీపురుపల్లి, మెరకముడిదాం వైపు మొక్కజొన్న గింజలు ఆరబోస్తారు. అవి చక్రం కింద గోళీల్లా దొర్లుతాయి. రైతుకు వేరే చోటు లేకే అక్కడ పోసుకుంటాడు, మనమే పక్కనుంచి, నిటారుగా, బ్రేకు పట్టకుండా దాటాలి. నాగావళి, వంశధార వంతెనల దగ్గర ఇసుక లారీలు తిరిగే మలుపుల్లో సన్నటి ఇసుక పొర ఉంటుంది. సాలూరు ఘాట్‌లో నిండు ట్యాంకు లారీలు హెయిర్‌పిన్ మలుపు తిరిగేటప్పుడు డీజిలు చిందుతుంది. వాసన తగిలిందంటే వెంటనే వేగం తగ్గించండి. అనంతగిరి కాఫీ తోటల నీడలో రోడ్డు పొద్దెక్కినా ఆరదు. అక్కడ పది దాటాక దిగేలా ప్రయాణం పెట్టుకోండి.

ఏ కంపెనీ అన్నది మీకు పెద్ద ప్రశ్న, నాకు చిన్నది. ఎంఆర్ఎఫ్, సియట్, టీవీఎస్ యూరోగ్రిప్, అపోలో, మిషెలిన్, పిరెల్లీ, మెట్జెలర్, ఇవన్నీ పేరున్నవే. ఒకే కంపెనీలో కూడా ఎక్కువ రోజులు మన్నే గట్టి రబ్బరు టైరు ఉంటుంది, త్వరగా అరిగినా రోడ్డును గట్టిగా పట్టే మెత్తటిది ఉంటుంది. రెండూ ఒకే టైరులో నిండుగా దొరకవు. షాపులో 'ఏది ఎక్కువ కిలోమీటర్లు వస్తుంది' అని మనమే అడుగుతాం, వాళ్లు గట్టిదే తీసిస్తారు. మీరు అలా అడక్కండి. 'తడి రోడ్డు మీద బాగుండేది, ఇద్దరం తిరుగుతాం' అని చెప్పండి. రబ్బరులో సిలికా కలిపిన టైర్లు తడిలో, చలిలో మెరుగ్గా పనిచేస్తాయి. డిసెంబరులో కోరాపుట్ కొండల మీద పొద్దున్న ఎంత చలి ఉంటుందో మీకు తెలుసు. హైవే వాడకం ఎక్కువ కాబట్టి మరీ మెత్తటిది కూడా మీకు నప్పదు, ఏడాది తిరక్కుండా మళ్లీ బల్లపరుపవుతుంది. నడిమి రకం తీసుకోండి. ఏది ఎంచుకోవాలో తేలకపోతే బండితో వచ్చిన అదే మోడల్ మళ్లీ వేయించుకోవడంలో తప్పేమీ లేదు. ఆ బరువుకు, ఆ రిమ్ముకు సరిపడుతుందని కంపెనీ చూసి వేసిందే కదా. ఏదైనా సరే ముందూ వెనకా ఒకే మోడల్ జోడీ వేయించండి.

ఆన్‌లైన్‌లో కొనడం తప్పు కాదు గానీ, తేదీ చూసి కొనే వీలుండదు. ఇంటికొచ్చాక చూస్తే రెండేళ్ల కిందటి టైరు ఉండొచ్చు. మన దగ్గర 110, 120 సైజులు రోజూ అమ్ముడుపోతాయి. 100/90-19, 140/70-17 లాంటివి చిన్న ఊళ్లలో షెల్ఫు మీద నెలల తరబడి ఉండిపోతాయి. కాబట్టి శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గరో, మా విజయనగరంలోనో, విశాఖలోనో ఎక్కడ కొన్నా ముందు అంకెలు చూడండి. 3025 అంటే 2025 జులై చివరిది. ఆరు నెలల లోపుది దొరికితే సంతోషం, ఏడాది వరకూ ఒప్పుకోవచ్చు, అంతకు మించితే వేరేది తెప్పించమనండి. నవంబరు మొదట్లోనే చెప్పి పెట్టండి, ప్రయాణానికి రెండు రోజుల ముందు పరిగెడితే ఉన్నదే అంటగడతారు. ఐఎస్ఐ గుర్తు ఉండాలి. బిల్లు తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత ధర చెబుతుంటే ఆ మాట గుర్తుచేయండి. మోసపోకుండా ఉండటానికే కాదు, వారంటీ అడగాలన్నా బిల్లే ఆధారం.

బిగించే చోటు కూడా టైరంత ముఖ్యం. మీవి అల్లాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్. రోడ్డు పక్కన ఇనుప లీవర్లు పెట్టి కాలితో తొక్కి ఎక్కిస్తే రిమ్ము అంచు గీరుకుపోతుంది, అక్కణ్ణుంచి గాలి మెల్లగా దిగిపోతూ ఉంటుంది. టైరు మార్చే మెషీను ఉన్న షాపుకే వెళ్లండి. అక్కడ నిలబడి చూడండి, ఎవరూ ఏమీ అనుకోరు. టైరు మీద తిరిగే దిక్కు చూపించే బాణం గుర్తు ఉంటుంది. అది చక్రం ముందుకు తిరిగే వైపే ఉండాలి. చిన్న పసుపు చుక్క ఉంటే అది వాల్వు దగ్గరికి రావాలి. టైరులో తేలికైన చోటు అది. వాల్వులు కూడా కొత్తవే వేయించండి, ఖర్చు చాలా తక్కువ, ఐదేళ్ల రబ్బరు వాల్వు వేసి కొత్త టైరు నడపడంలో అర్థం లేదు. గాలి ఎక్కించేటప్పుడు టైరు అంచు రిమ్ములో కూర్చుంటూ టప్పుమని శబ్దం వస్తుంది. తర్వాత రిమ్ము చుట్టూ కనిపించే సన్నటి గీత అంతటా ఒకే దూరంలో ఉందో లేదో చూడండి. ఒకచోట లోపలికి పోయి ఉంటే సరిగ్గా కూర్చోలేదన్నమాట. రెండు చక్రాలకూ బ్యాలెన్సింగ్ అడగండి. చక్రాలు ఎలాగూ విప్పారు కాబట్టి బేరింగులు వేలితో తిప్పి చూడమనండి, వెనక చక్రం హబ్బులో కుదుపును తట్టుకునే రబ్బర్లు కూడా చూపించమనండి. చైను వదులు సరిచేశాకే బండి తీసుకోండి.

సాలూరులో లారీల వాళ్లు చాలామంది ఉన్నారు, టైర్ల గురించి అక్కడ చిన్నపిల్లాడికి కూడా తెలుస్తుంది. ఆ ఊళ్లో ఎవరైనా రీట్రెడింగ్ (అరిగిన టైరు మీద కొత్త రబ్బరు పొర అతికించడం) చేయిస్తే చవక కదా అన్నా వినకండి. అది లారీకి చెల్లుతుంది, మోటారు సైకిలుకు చెల్లదు.

గాలి గురించి చెప్పకుండా ఇది పూర్తి కాదు. మంచి టైరు కొని గాలి పట్టించుకోనివాడికన్నా, మామూలు టైరు వేసి వారం వారం గాలి చూసుకునేవాడే క్షేమంగా ఉంటాడని నా నమ్మకం. ఎంత పెట్టాలన్నది మీ బండి మాన్యువల్లో ఒక్కరికి ఎంత, ఇద్దరికి ఎంత అని విడివిడిగా రాసి ఉంటుంది. టైరు మీద రాసి ఉన్న పెద్ద అంకె అది భరించగల గరిష్ఠం, మీరు పెట్టాల్సింది కాదు. బండి కదలక ముందు, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చూడాలి. పది కిలోమీటర్లు పోయి బంకులో చూస్తే మూడు నాలుగు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది, అప్పుడు గాలి తీసేయకూడదు. చేతిలో ఇమిడే సొంత గేజి ఒకటి కొనుక్కోండి. బంకు గేజీలు ఒకదానికొకటి పొంతన ఉండవు. నైట్రోజన్ కోసం వెతుక్కోవద్దు, మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది.

సామాన్లలో పంక్చరు కిట్, చిన్న గాలి పంపు పెట్టుకోండి. సుంకి దాటాక పంక్చరు షాపు ఎక్కడుందో వెతుక్కోవడం కష్టం. మేకు కనిపిస్తే అక్కడికక్కడే పీకేయకండి. గాలి నిలబడి ఉంటే మెల్లగా మంచి చోటు దాకా పోయి అప్పుడు తీయండి. కిట్‌లోని రబ్బరు పురి దూర్చి మూసిన పంక్చరు ఇంటికి చేరడానికి పనికొస్తుంది, ఇంటికొచ్చాక టైరు విప్పించి లోపలి నుంచి ప్యాచ్ వేయించుకోవాలి. పక్కగోడకు దిగిన మేకైతే ఏ మరమ్మతూ చేయించకండి, టైరు మార్చాల్సిందే.

చివరగా ఒక్కటి. కొత్త టైరు మీద అచ్చులోంచి వచ్చిన నునుపు ఉంటుంది, మొదటి వంద, రెండు వందల కిలోమీటర్లు అది జారుతుంది. షాపులోంచి బయటకొచ్చి మొదటి మలుపులోనే పడ్డవాళ్లు ఉన్నారు. కాబట్టి డిసెంబరుకు కనీసం పది రోజుల ముందే టైర్లు వేయించండి. ఒక ఆదివారం పొద్దున్న ఎండ కాస్త ముదిరాక ఒక్కరే బయల్దేరి శ్రీకూర్మం, అక్కణ్ణుంచి కళింగపట్నం, మళ్లీ ఇల్లు. తర్వాతి వారం మందస, బారువ వైపు. మలుపుల్లో రోజుకు కొంచెం కొంచెం ఎక్కువ వాలుస్తూ, బ్రేకు మెల్లగా పడుతూ అంచుల దాకా నునుపు పోనివ్వండి. ఆ తర్వాత గాలి మళ్లీ చూసి, ఇద్దరికి చెప్పిన లెక్కకు పెంచి, అప్పుడు మీ ఆవిడను ఎక్కించుకోండి.